పిలవని పేరంటాళ్ళు

దాన్ని నేను ఎప్పుడూ ‘అది’ అనే అన్నాను. పోయింది కదా అని ఇప్పుడు గౌరవంగా ‘ఆమె’ అంటే ముందు అదే పగలబడి నవ్వుతుంది. అందుకని ఇక్కడ కూడా అదే. పేరు మాత్రం రాయను. మలేషియాలో మా ఊరు సుంగై సిపుట్‌లో దాని పేరు తెలియనివాళ్ళు లేరు, మిగతావాళ్ళకు పేరుతో పనిలేదు.

ఈసారి దీపావళి దగ్గర పడుతుండగా దాని అమ్మకు ఫోన్ చేశాను. నేనుండేది కౌలాలంపూర్‌లో. పండగనాడు పొద్దున్నే కారులో బయలుదేరి వస్తానని చెప్పాను.

“రాకమ్మా. ఈ ఏడు మనకి పండగ నేదు,” అంది అత్త. దాని అమ్మను నేను చిన్నప్పటి నుంచీ అత్తా అనే పిలుస్తాను. “దీపం ఎట్టను. పొయ్యి మీద మూకుడు ఎట్టను. ఎవులొచ్చినా తలుపు తియ్యను.”

చావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పండగ చెయ్యకపోవడం మా వాళ్ళందరికీ ఉన్నదే. కానీ అత్త ఆ ఆచారాన్ని పట్టుకుని ఎక్కడికో వెళ్ళిపోయింది. కూతురు పోయిన దగ్గర నుంచి వీధి తలుపు తీయడమే మానేసింది. పక్కింటి చీనావాళ్ళు వెనక వైపు కిటికీలోంచి కూర అందిస్తే పుచ్చుకుంటుంది, అంతే. ఉన్నది ఒక్కతే కూతురు, పెళ్ళి చేసుకోకుండా అమ్మతోనే ఉండిపోయిన కూతురు. బంధువులు వచ్చి తలుపు కొట్టి కొట్టి తిరిగి వెళ్ళిపోతున్నారు. ఆ తలుపు అలాగే ఉండిపోతే అత్త కూడా మాకు దక్కదని నాకు గట్టిగా అనిపించింది. భయం వేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

మా అమ్మ నన్ను ఆపాలని చూసింది. “పండగ పూట మైలింటికి ఎల్తావేటే? మర్నాడు ఎల్లొచ్చు లా,” అంది. మలయ్ భాషలోని ఆ ‘లా’ చివర తగిలిస్తే తప్ప మా అమ్మకు మాట పూర్తయినట్టు ఉండదు.

నేను వినలేదు. పిలవని ఇంటికి ఎలా వెళ్ళాలో, తియ్యని మనిషి చేత తలుపు ఎలా తీయించాలో నాకు పదమూడో ఏటే తెలుసు. నేర్పింది ఎవరో చెప్పాలంటే బస్సు దగ్గర మొదలుపెట్టాలి.

మా తాత ఊరి బయట రబ్బరు తోటలో కిరాణీ, అంటే లెక్కలు రాసే గుమాస్తా. దాని తాత అదే తోటలో చెట్లకు పాలు గీసిన కూలీ. ఆ తేడా పెద్దవాళ్ళు పట్టించుకునేవారేమో గాని మాకు లేదు. ప్రాథమిక బడి అయ్యాక ఇద్దరం ఊళ్ళో పెద్ద బడిలో చేరాం. తోట నుంచి ఊరికి బడి బస్సు ఉండేది. ముందు సీట్లలో ఆడపిల్లలు, చిన్నపిల్లలు. వెనక సీట్లలో నాలుగో ఫారం, అంటే పదో తరగతి ఈడు మగపిల్లలు, వాళ్ళకు ఒక నాయకుడు. అతను ఊళ్ళోకి వచ్చాక, బడికి ముందు ఆఖరి మలుపులో ఎక్కేవాడు. పొడుగ్గా, సన్నగా, జుట్టుకు నూనె దట్టించి. ఎక్కగానే బస్సంతా తనదైపోయినట్టు చూసేవాడు.

బస్సులో అందరిదీ తమిళం. మేమిద్దరం, ఇంకా తోట నుంచి వచ్చే కొద్దిమంది చిన్నపిల్లలం మాత్రం తెలుగు. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటామో బస్సులోనూ అలాగే మాట్లాడుకునేవాళ్ళం. అదే మా పాపమైంది. మా నోట ‘ఏటి’ అన్న మాట వినబడితే చాలు, వెనక నుంచి మేకలు అరిచినట్టు “ఏటీ... ఏటీ...” అని సాగదీసేవారు. మేం ఎక్కుతుంటే ఏటి, దిగుతుంటే ఏటి. మాకు వేరే పేర్లున్నాయని ఆ బస్సులో ఎవరికీ గుర్తులేదు.

మాటలతో పోతే సరిపోయేది. మా బడిలో తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకోవాలి. ఆదివారం వాటిని కడిగి, తెల్ల పాలిష్ పూసి, పెరట్లో ఎండబెట్టేవాళ్ళం. సోమవారం పొద్దున వరసలో నిలబడితే బూట్లు చూసేవారు, మరక కనబడితే ఎండలో నిలబెట్టేవారు. ఈ సంగతి వెనక సీటువాళ్ళకు బాగా తెలుసు. సోమవారం వచ్చిందంటే బస్సు నడవాలోంచి వెళ్తూ మా బూట్ల మీద కాళ్ళు వేసి తొక్కేవారు. బురద కాళ్ళతో, తీరుబడిగా, ఒక్కొక్కరే. నేను ప్రతి సోమవారం ఎండలో నిలబడ్డాను. ఒకనాడు నా బూటు ఒకటి ఊడలాగి కిటికీలోంచి విసిరేశారు. ఆ రోజు ఒంటి కాలికి మేజోడుతో బడికి వెళ్ళాను. సాయంత్రం ఇంటికి వచ్చి, చదువు మానేస్తానని చెప్పేశాను.

మా నాన్న పెద్దగా వాదించలేదు. ఈపోలో మా పిన్నికి కుట్టుషాపు ఉంది. అక్కడికి పంపుదాం, ఆడపిల్లకు చేతిలో పని ఉంటే మంచిదే అన్నాడు. దీపావళి సెలవులయ్యాక వెళ్ళాలని మాట అనుకున్నారు. నాకు లెక్కలంటే ప్రాణం. కుట్టుమిషను మీద కాలు వేస్తే పాదం వణికేది. అయినా సరే, బస్సు ఎక్కడం కంటే అదే నయం అనుకున్నాను.

మర్నాడు దానికి చెప్పాను. అది నన్ను ఓదార్చలేదు. మండిపడింది.

“నువ్వెల్లిపోతే నాను ఒక్కదాన్నే బస్సెక్కాలేటి? సిగ్గునేదా నీకు?” అంది. “ఆళ్ళు ఎదవలు. నువ్వు కాదు.”

అప్పటికి అది చెయ్యాల్సిందంతా చేసింది. మొదటిసారి ఆ నాయకుడి కాలు నా బూటు మీద పడగానే లేచి అడ్డం నిలబడింది. జడ పట్టుకుని లాగారు. రెండోసారి అతను కాలు ఎత్తగానే కిందకు వంగి అతని బూటును రెండు చేతులా పట్టుకుంది. ఇక వదల్లేదు. బడి గేటు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. అతను ఒంటికాలి మీద గెంతుతూ తమిళంలో తిడుతూనే ఉన్నాడు. అతని మోకాలు తగిలి దాని పెదవి చిట్లింది, రక్తం బడి గౌను మీద పడింది, అయినా చేతులు వదల్లేదు. డ్రైవరు అద్దంలో చూసి నవ్వాడు గాని బస్సు ఆపలేదు. తర్వాత అదే వెళ్ళి హెడ్‌మాస్టరుకు చెప్పింది. ఆయన వాళ్ళను పిలిచి మందలించారు. ఆ మర్నాడే నా బూటు కిటికీలోంచి వెళ్ళింది.

“బలం మీద కుదర్దు. పెద్దోళ్ళకి సెప్పినా కుదర్దు,” అంది అది. తర్వాత జడ కొస నములుతూ కూర్చుంది. అది జడ నమిలిందంటే ఎవరికో మూడిందనే లెక్క.

మలేషియాలో పండగంటే ఓపెన్ హౌస్. తెలుగువాళ్ళయినా తమిళులయినా, మలయ్‌వాళ్ళయినా చీనావాళ్ళయినా, ఎవరి పండగకు వాళ్ళు ఇంటి తలుపు బార్లా తెరిచి పెడతారు. పొరుగువాళ్ళు వస్తారు, బడి మాస్టర్లు వస్తారు, ఎన్నడూ చూడని మొహాలూ వస్తాయి. పిలుపు అక్కర్లేదు. గుమ్మం బయట చెప్పులు విడిచిన మనిషికి లోపల కూర్చోబెట్టి తినడానికి పెట్టాల్సిందే. నువ్వెవరు అని అడిగితే ఆ ఇంటికే తలవంపు.

ఆ దీపావళినాడు మధ్యాహ్నం అది మా ఇంటికి వచ్చింది. కొత్త పావడా, చెవులకు జూకాలు, వెనకాల బస్సులో తొక్కుళ్ళు తినే తెలుగు పిల్లలందరూ.

“పద,” అంది.

“ఎక్కడికే?”

“ఆడింటికి.”

“ఆళ్ళు మనల్ని పిలిసినారేటి?” అన్నాను.

“పిలవాలేటి? ఇయాళ తలుపు తీసుంటాది గదా.”

ఊళ్ళో మార్కెట్ వెనక వీధిలో అతని ఇల్లు ఎక్కడో అప్పటికే వాకబు చేసి పెట్టుకుంది. కర్రతో కట్టిన ఇల్లు, ముందు ముగ్గు, వరండాలో బోలెడన్ని చెప్పులు. మేం కూడా మా చెప్పులు విడిచాం. అది ముందు, నేను దాని వెనక, నా వెనక పిల్లలు. హాల్లో అతనే పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా, నుదుట విభూతి, పళ్ళెంలో ఎర్రటి సిరప్ గ్లాసులు. మమ్మల్ని చూసి అతని మొహం పాలిపోయింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. అంత తృప్తిని నేను ఆ తర్వాత జీతం పెరిగినప్పుడు కూడా పొందలేదు.

“దీపావళి శుభాకాంక్షలు అన్నా,” అంది అది, తమిళంలో, ఎంతో మర్యాదగా. గ్లాసు తీసుకుని సోఫాలో కూర్చుంది. మేమంతా కూర్చున్నాం. అతని అమ్మ వచ్చి, కొడుకు స్నేహితులనుకుని తెగ మురిసిపోయి జంతికలు పెట్టింది. తర్వాత ఇంకో డబ్బా తెచ్చి మూత తీసింది. అందులో ఉన్నవి చూసి నేను దాని మోకాలు గిల్లాను.

పోకుండలు. బియ్యప్పిండి, బెల్లప్పాకం, కొబ్బరి కోరు కలిపి నేతిలో వేయించి తీసినవి. మా అమ్మ చేసేది, వాళ్ళ అమ్మ చేసేది. మా తోటలో తెలుగిళ్ళల్లో తప్ప ఇంకెక్కడా నేను వాటిని చూడలేదు.

ఇంతలో లోపలి గదిలోంచి ఒక ముసలమ్మ మెల్లగా వచ్చింది. తెల్లచీర, చెవులకు పాత కమ్మలు. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

“ఓలమ్మా, ఎవులమ్మా ఈ గుంటలు?”

హాలంతా ఒక్క క్షణం నాకు గిర్రున తిరిగింది. తెలుగు. మా తెలుగే. అతను పళ్ళెంతో సహా గోడకు అంటుకుపోయాడు. మా నోట వింటే మేకలా అరిచే ఆ భాషలోనే వాళ్ళ మామ్మ అతన్ని జోకొట్టి ఉంటుంది. వాళ్ళ తాత తమిళుడు, మామ్మ మావాళ్ళ ఆడపడుచు, ఇంట్లో అందరూ తమిళంలోకి మారిపోతే ముసలమ్మ ఒక్కతే మిగిలిపోయింది.

“మీ మనవడి బస్సులో పిల్లలం మామ్మా,” అంది అది.

ఆవిడ సంతోషం ఎలా చెప్పను? మా మధ్యన వచ్చి కూర్చుంది. ఏ తోట, ఎవరి మనవరాలివి, మీయమ్మ ఏటి సేస్తాది, ఒకటే ప్రశ్నలు. ఒక్కొక్కళ్ళ గడ్డం పట్టుకుని చూసింది. “ఈ ఇంట్లో నాతో మాటాడ్డానికి ఒక్కళ్ళు నేరమ్మా. తెలుగులో అడిగితే ఈడు తమిళంలో సెప్తాడు,” అని మనవణ్ణి చూపించింది. తర్వాత అడగవలసింది అడిగింది.

“బస్సులో మా గుంటడు మిమ్మల్ని బాగా సూసుకుంటన్నాడా?”

ఎవరూ నమలడం లేదు. అతను మావైపు చూడలేక కిటికీవైపు చూస్తున్నాడు. చెప్పవే, బూట్ల సంగతి చెప్పవే, కిటికీ సంగతి చెప్పవే అని నేను లోపల కేకలు పెడుతున్నాను. అది పోకుండ నింపాదిగా నమిలి మింగింది.

“సూసుకుంటాడు మామ్మా,” అంది. “రేపట్నించి ఇంకా బాగా సూసుకుంటాడు.”

తిరిగి వస్తుంటే నేను గాల్లో నడిచాను. సెలవులవగానే బస్సెక్కి, అతను ఎక్కే మలుపు రాగానే గొంతెత్తి అరవాలని నా ప్లాను. మీ మామ్మ కూడా ఏటీయే, మీ ఇంట్లో కూడా ఏటీలే ఉన్నారు అని. వెనక సీటువాళ్ళ ముందు అతని పరువు బజారున పడెయ్యాలి. ఆ మాట చెప్పగానే అది ఠక్కున ఆగిపోయింది.

“సెప్పకూడదు.”

“ఎందుకే? ఆడు మనల్ని ఎన్ని సేసినాడు?”

“ఆడి గురించి కాదే. ఆ ముసలమ్మ మనకి తిండెట్టింది. ఆవిణ్ణి బస్సెక్కించి ఆళ్ళ నోట్లో పడేస్తావేటి?”

నేను చాలా వాదించాను. అది ఒప్పుకోలేదు. దాని పెదవి మీద చిట్లిన గాటు ఇంకా పూర్తిగా మానలేదు. అంత చిన్నపిల్లకు అంత పెద్ద బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎదిరించడం అంటే నాకు అప్పటిదాకా కొట్టినవాణ్ణి కొట్టడమే. అవతలివాణ్ణి దెబ్బకొట్టే ఆయుధం చేతికి దొరికాక కూడా దాన్ని కింద పెట్టి నిలబడొచ్చని, అప్పుడు ఇంకా గట్టిగా నిలబడతామని దాన్ని చూశాకే తెలిసింది.

సెలవుల తర్వాత సోమవారం. తెల్ల బూట్లు. నేను కుట్టుషాపుకు వెళ్ళలేదు, ఈ ఒక్కరోజు చూసి చెప్తానని ఇంట్లో అన్నాను. ఆఖరి మలుపులో అతను ఎక్కాడు. మెట్టు మీదే ఆగి మా ఇద్దరి మొహాలు చూశాడు. మామ్మ సంగతి బస్సులో అందరికీ తెలిసిపోయి ఉంటుందని అతని భయం. అది కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. వెనక నుంచి ఎప్పటిలాగే ఒకడు “ఏటీ...” అని మొదలుపెట్టాడు.

“డేయ్, చుమ్మా ఇరుడా,” అన్నాడు అతను. నోరు మూసుకోరా అని.

అంతే. క్షమించమని అడగలేదు, స్నేహం చెయ్యలేదు, మహాత్ముడూ అయిపోలేదు. నడవాలోంచి వెళ్ళేటప్పుడు కాళ్ళు పక్కకు పెట్టుకుని వెళ్ళాడు. అతను తొక్కకపోతే మిగతావాళ్ళూ తొక్కలేదు. నా బూట్లు ఆ రోజు బడిదాకా తెల్లగానే ఉన్నాయి. నేను చదువుకున్నాను. లెక్కలే చదివాను, లెక్కలతోనే బతుకుతున్నాను.

అది ఐదో ఫారంతో ఆపేసి ఊళ్ళోనే ఉండిపోయింది. బడి క్యాంటీను నడిపింది. గరిటె చేత్తో పట్టుకుని పిల్లల వరసంతా కళ్ళతో కాపలా కాసేది. చిన్నవాడి పళ్ళెం లాక్కున్న పెద్దవాడికి ఆ రోజు కూర అందేది కాదు. లాక్కున్నది తిరిగి ఇస్తే రెండు గరిటెలు పడేవి. నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని ‘హెడ్‌మాస్టరమ్మా’ అని ఏడిపించేదాన్ని. “నువ్వు కుట్టుషాపులో ఉండాల్సినదానివి, నోర్ముయ్,” అనేది.

ఈ ఏడాది దానికి డెంగీ వచ్చింది. వారం తిరక్కుండా పోయింది. ఎవరికీ భయపడనిదాన్ని ఒక దోమ తీసుకుపోయిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. శవపేటిక మోసినవాళ్ళలో ఆ వెనక సీటు నాయకుడూ ఉన్నాడు. ఇప్పుడు ఊళ్ళో టైర్ల షాపు నడుపుతున్నాడు, జుట్టు పలచబడింది. ఆ రోజు మేం మాట్లాడుకోలేదు.

ఈ దీపావళినాడు నేను వెళ్ళేసరికి అత్త ఇంటి గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. చేతిలో డబ్బా. అక్కడికి వచ్చి చాలాసేపయినట్టుంది, చొక్కా వీపున చెమటకు తడిసింది. వీధంతా దీపాలు, తోరణాలు, తలుపులు తెరిచిన ఇళ్ళు. ఈ ఒక్క ఇల్లే మూసి ఉంది.

“కొట్టావా?” అని తమిళంలో అడిగాను.

లేదన్నాడు. డబ్బా మూత కొద్దిగా తీసి చూపించాడు. పోకుండలు. కొన్ని మాడాయి, కొన్ని విరిగాయి. “మామ్మ చేస్తుంటే చూసేవాణ్ణి. మా ఇంట్లో ఇంకెవరికీ రాదు, నేనే చేశాను,” అన్నాడు, అదీ తమిళంలోనే. నాకు నవ్వొచ్చింది.

నేను తలుపు కొట్టాను. “అత్తా, నానొచ్చినాను.”

“ఎల్లిపోమ్మా,” అంది అత్త లోపల నుంచి. గొంతు తలుపుకు దగ్గరగానే ఉంది. “సెప్పినాను గదా. ఇయాళ రాకూడదు.”

మళ్ళీ కొట్టాను. బతిమాలాను, కోప్పడ్డాను. గడియ కదల్లేదు. అంత ధీమాగా బయలుదేరినదాన్ని, మెట్టు మీద కూలబడ్డాను. అప్పుడు అతను ముందుకు వచ్చి తలుపుకు దగ్గరగా నిలబడ్డాడు. ఎన్నేళ్ళయిందో అతని నోట్లో ఆ భాష ఆడి, పెదవులు ముందు ఉత్తినే కదిలాయి.

“అత్తా.”

“ఎవులది?”

“నానే అత్తా. బస్సులో... గుంటణ్ణి.”

అత్తకు ఆ కథ అంతా తెలుసు. ఎన్ని దీపావళులకు అది చెప్పి నవ్వించిందో.

“ఏటి కావాలి బాబూ?” అంది అత్త.

“ఏటీ నేదత్తా,” అన్నాడు అతను. “ఓపెన్ హౌస్‌కి వచ్చినాం.”

గడియ తీసిన చప్పుడు వినబడింది. నేను చెప్పులు విడిచాను.